సాక్షులు నిండుకున్నాయి

సోమవారం. పోటు.

ప్రార్థన అయ్యాక ఆవిరి పెట్టె వెలిగించాను. బావి గ్యాసు నీలంగా, నిలకడగా మండింది. లోడు చిన్నది. కత్తులు, కత్తెరలు, పట్టుకార్లు, ఉతికిన గుడ్డలు. అన్నీ నీళ్ల మీద తేలే ఆసుపత్రి పంటుకి, అక్కడ కోతలు చేసే మా చెల్లెలు కెజీయా చేతికి వెళ్తాయి.

మూటల నడుమ ఒక సాక్షి సీసా పెట్టాను. దాని జతను బయట బల్ల మీద ఉంచాను.

సముద్రంలో ఇనుప కాళ్ల మీద నిలిచిన ఈ పాత గ్యాసు బావి మంచెను నా తర్వాత ఎక్కేవాళ్ల కోసం రాసిపెడుతున్నాను. సాక్షి సీసా చిటికెన వేలంత ఉంటుంది. లోపలి కాగితం ముక్క మీద ఒక పురుగు నిద్రపోతూ ఉంటుంది. కంటికి కనపడదు. ఆవిరికి అన్నిటికంటే ఆఖరున చచ్చేది అది. అది చచ్చిందంటే మిగతావి ముందే చచ్చినట్టు. ఆవిరి అయ్యాక రెండు సీసాలనూ నొక్కి, పై గదిలోని ఊదా నీళ్లు కాగితం మీదికి దింపి, వెచ్చటి గూట్లో పెట్టాలి. పురుగు బతికి ఉంటే నీళ్లు పసుపెక్కుతాయి. చస్తే ఊదాగానే ఉంటాయి. లోడులో పెట్టినది చావాలి. బయట ఉంచినది బతకాలి. రెండూ జరిగితేనే మూట కిందికి దిగుతుంది.

పసుపంటే శుభమని మొదట్లో నేనూ పొరబడ్డాను. మరియమ్మ గారు నవ్వి, "ఇక్కడ లోపల పసుపు కనపడితే కీడమ్మా, బయట కనపడితేనే శుభం" అన్నారు. ఈ పని నేర్పింది ఆవిడే.

మధ్యాహ్నం మా ఆఖరి చెల్లెలు హప్పు ఫోన్ చేసింది.

"పెద్దక్కా, తిన్నావా?"

"తిన్నానే. నువ్వు?"

"నాకు తినడం తప్ప పనేముంది. చిన్నక్క కాలు కింద పెట్టనివ్వట్లేదు. కడుపులో మాయ బిడ్డకి అడ్డంగా ఉందట. కోసే తియ్యాలట. పౌర్ణమి దాటనివ్వనంటోంది."

"దాని మాట విను."

"వింటున్నాలే. కత్తులు బాగా ఉడకబెట్టి పంపక్కా. నీ పప్పు ఉడకబెట్టినట్టు కాదు."

అమ్మ పోయినప్పుడు హప్పు చంకబిడ్డ. నాన్న పెట్టిన కెరెంహప్పుకు అనే పేరు ఎవరికీ నోరు తిరక్క హప్పు అయింది. పెళ్లయిన ఇన్నేళ్లకు దానికి కడుపు నిలిచింది.

కోత అంటే ఇప్పుడు అందరికీ భయమే. అమ్మమ్మ కాలంలో చీము పడితే మాత్ర మింగేవారట. ఇప్పుడు ఏ మాత్రకూ ఏదీ లొంగదు. ఒంట్లోకి వెళ్లే ఇనుము శుద్ధంగా ఉండాలి. వేరే దారి లేదు.

బుధవారం. పాటు.

లోపలి సీసా ఊదా. బయటిదీ ఊదా.

గూటి వేడి చూశాను. సరిగానే ఉంది. కొంతకాలంగా బయటి సీసాలు ఆలస్యంగా, వెలవెలబోతూ పసుపెక్కుతున్నాయి. సీసాల అట్టపెట్టె పాతది. దాని మీద తేదీ చెరిగిపోయింది. ఇవే ఆఖరివి.

సాక్షే చచ్చిపోయి ఉంటే లోపలి ఊదాకు అర్థం లేదు. ఆవిరి చంపిందో, ముసలితనం చంపిందో ఎవరు చెబుతారు.

మాకు సరుకు పంపే మెట్ట గిడ్డంగి మిషనుకి నెలనెలా చెబుతూనే ఉన్నాను. సీసాలు రావడం లేదు. వాళ్ల ఇబ్బందులు వాళ్లకుంటాయి.

పాటుకి నీళ్లు తీసినప్పుడు, మునిగిపోయిన పాత ఊరి వాటర్ ట్యాంకు తల కనపడింది. దాని మీద కొంగ ఒకటి. ఈ రోజు నేను చూసిన ప్రాణి అదే.

గురువారం. పోటు.

పడవ అబ్బులు వచ్చాడు. నిచ్చెన ఎక్కలేదు. కింది నుంచే బుట్ట తాడు లాగాడు.

"అమ్మగారండీ, మూటలు దింపండి. పోటు తిరిగిపోద్ది."

"ఈ వారం దిగవు అబ్బులూ."

"అదేంటండీ. మూట మీద టేపు నల్లబడలేదా?"

"నల్లబడింది."

"మరింకేంటండి. అయిపోయినట్టే కదా."

"వేడి తగిలిందని టేపు చెబుతుంది. చచ్చిందని చెప్పదు. ప్రార్థన గుడికి వచ్చినవాళ్లందరి మనసూ మారినట్టా?"

"మా ఆవిడ నూకరత్నం వారం వారం మీ గుడికే వస్తదండి. ఏం మారలేదండాయ్."

నవ్వు వచ్చింది. మనిషి మాటకు నవ్వి చాలా రోజులైంది. అప్పుడు చూశాను, అతని పాదానికి కట్టు ఉంది.

"కాలికేమైంది?"

"ఆల్చిప్ప గుల్ల గీసుకుందండి. కెజీయమ్మ గారు కుట్లేశారు. కాలు ఎత్తిపెట్టుకుని పడుకోమన్నారు. పడుకుంటే తెడ్డు ఎవరేస్తారండి, చేపలా?"

కట్టు పైన కాలు ఎర్రగా, నిగనిగలాడుతోంది. హప్పు కోసం తొట్టిలోని బచ్చలి కోసి బుట్టలో దింపాను. అతను తెడ్డు వేస్తూ వెళ్లిపోయాడు. కుడి కాలు మీద బరువు ఆనించడం లేదు.

ఆ కుట్లు వేసిన సూది నేను పంపిన మూటలోదే.

శుక్రవారం. పాటు.

కెజీయా ఫోను.

"ఏంటక్కా, ఖాళీ పడవ పంపావు?"

"సాక్షి మాట్లాడట్లేదే."

"హప్పుకి ఒక్క సెట్టు చాలు నాకు. నీ దగ్గరున్నవాటిలో బాగా ఉడికింది చూసి పంపు."

"ఏది ఉడికిందో చెప్పేదే మూగబోయింది."

అది మెల్లగా చెప్పింది. "అబ్బులు కాలు నల్లబడుతోందక్కా. రేపు తీసెయ్యాలి. చీలమండ పైన."

"దేనితో తీస్తావు?"

"అదే నిన్ను అడుగుతున్నా."

"మరియమ్మ గారి కాలం మూటలు ఏమైనా మిగిలాయా?"

"ఒకటుంది. హప్పుకని దాచా."

"అది అబ్బులుకి విప్పు."



"హప్పుకో?"

"హప్పుకి నేను పంపుతాను."

"ఎక్కడినుంచి పంపుతావక్కా? అసలు నీ దగ్గర సీసాలు అయిపోయాయని మెట్టకి చెప్పావా?"

"ప్రతి నెలా చెప్పానే."

"మళ్లీ చెప్పు. మిషనుకి కాదు. మనిషికి చెప్పు."

శనివారం. పోటు.

గిడ్డంగిలో మనిషిని పట్టుకునేసరికి పొద్దెక్కింది. లాస్య అనే అమ్మాయి పలికింది. పుట్టి పెరిగింది నాగపూరు శిబిరంలోనట. తెలుగు పుస్తకం చూసి చదువుతున్నట్టు మాట్లాడింది.

"మీ మంచెలో స్టాకు బాగానే ఉంది కదండీ. సాక్షి సీసాలు నిండుగా ఉన్నాయి."

"ఎవరు చెప్పారమ్మా?"

"మీరే. మీ గొంతే ఉంది. వినిపించనా?"

వినిపించింది. నా గొంతే. 'మంచె నుంచి యెమీమా. దేవుని కృప వలన అంతా క్షేమం. సాక్షి సీసాలు నిండుకున్నాయి.' తర్వాతి నెలా అదే. ఆ తర్వాతా అదే.

"నిండుకున్నాయి అన్నారు. నిండిపోయాయని యంత్రం రాసుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. అందుకే మీ వాటా వేరే మంచెలకు పంపేశాం."

"నిండుకున్నాయి అంటే అయిపోయాయని, తల్లీ."

"అయిపోతే అయిపోయాయి అనొచ్చు కదండీ?"

వెక్కిరింపు కాదు. ఆ పిల్ల నిజంగానే అడిగింది.

ఇంట్లో బియ్యం లేవు అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరింది అనకూడదు, కొండెక్కింది అనాలి. లేదు అన్న ఇంట్లో లేమి పీట వేసుక్కూర్చుంటుందని అమ్మ అనేది. అదంతా చెప్పబోయి ఊరుకున్నాను. ఆ అమ్మాయి తప్పు ఏముంది. నేను లేవని చెప్పాను. తను ఉన్నాయని వింది.

"ఇంకొక విషయం అండీ. మీ దగ్గర ఇద్దరు ఉండాలి కదా, ఎప్పుడూ మీరే మాట్లాడుతున్నారు. మరియమ్మ గారు వానాకాలం నుంచి నిద్రలో, అంటే విశ్రాంతిలో ఉన్నట్టు ఇక్కడ రాసి ఉంది. ఆవిడకి ఇంకా నయం కాలేదా?"

అప్పుడు నేను చెప్పిన మాట నాకు గుర్తుంది. మరియమ్మ గారు ప్రభువునందు నిద్రించారు అని చెప్పాను. ఆ తర్వాత రెండో మనిషి కోసం ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. ఇది నాకు దేవుడు పెట్టిన ఒంటరితనం అనుకుని మోశాను.

"అమ్మా? లైన్లో ఉన్నారా?"

"ఆవిడ చనిపోయారు" అన్నాను.

"అయ్యో. అప్పటినుంచి మీరు ఒక్కరేనా?"

"ఒక్కదాన్నే."

సీసాలూ, మనిషీ వచ్చే ఓడలో పంపుతానంది. ఓడ పౌర్ణమి తర్వాత వస్తుంది.

ఆదివారం. పాటు.

ఒక్కదాన్నే ఆరాధన చేసుకున్నాను. కీర్తనలో రెండో గొంతు అందుకునే చోట ఆగడం ఇంకా మానలేదు.

నిన్న అబ్బులు కాలు తీశారు. మంచి మూటతోనే తీశారు కనుక బతుకుతాడంది కెజీయా. నేను గిడ్డంగి సంగతి చెప్పాను. అది నవ్వలేదు, తిట్టలేదు.

"నీ బచ్చలి తొట్టిలో మట్టి ఉంది కదక్కా."

"ఉంది."

"మట్టిలోనూ అలాంటి మొండి పురుగే ఉంటుంది. ఉడికిన అన్నం కూడా పాసిపోయేది అందుకే, ఉడుక్కి చావనిది ఏదో మిగులుతుంది. గంజి వడకట్టి, చిటికెడు మట్టి వేసి, సీసా నోట్లో దూది కుక్కు. ఒకటి మూటల నడుమ పెట్టు. ఒకటి ఊరికే పొయ్యి మీద కాచి బయట ఉంచు. లోపలిది చచ్చిందయితే మట్టి అడుక్కి దిగి పైన తేటగా ఉంటుంది. బతికిందయితే గంజి విరిగి కంపు కొడుతుంది."

"ఎవరు చెప్పారే నీకు?"

"చదువుకునేటప్పుడు ఎవరో మాస్టారు చెప్పారు. సీసాలు పుట్టకముందు అలాగే చూసేవారట. మేమంతా నవ్వుకున్నాం."

మంగళవారం. పోటు.

బయటి గంజి విరిగింది. మూతి దగ్గరికి ముక్కు పెట్టనివ్వలేదు.

లోపలిదీ విరిగింది.

సాక్షి మాట్లాడింది. ఆవిరి చంపడం లేదు.

మోకరించాను. లేచాక లైను అందుకుని అన్ని పంట్లకూ కలిపే మీట నొక్కాను. ఏం చెప్పాలో ముందే గొంతులో సరిచూసుకున్నాను.

"మంచె నుంచి యెమీమా. వానల తర్వాత నేను పంపిన మూటలు ఎవరూ విప్పకండి. అవి శుద్ధం కాలేదు. ఇప్పుడు నా దగ్గర మంచి మూట ఒక్కటి కూడా లేదు."

మళ్లీ చెప్పమన్నారు ఎవరో. మళ్లీ చెప్పాను. లేదు అనే మాట రెండోసారి తేలికేమీ కాలేదు. తర్వాత తిట్లు వచ్చాయి. ఒకాయన, తన మనవడి గడ్డ కోసింది ఆ కత్తితోనేనా అని అడిగాడు. అవునన్నాను. చివరి మనిషి పెట్టేసేదాకా లైన్లో ఉన్నాను.

బుధవారం. పాటు.

చల్లారిన పెట్టెలో తల దూర్చి చేత్తో తడిమాను. అడుగున, కాలువ మూతి దగ్గర, ఇనుప జల్లెడ ఉంది. గుడ్డల నూగు దాని మీద పేరుకుని చాపలా గట్టిపడింది. కాలువ మూసుకుంటే లోపలి గాలి బయటికి పోదు. గాలి కూర్చున్న చోటికి ఆవిరి చేరదు.

శనివారాలు నేను వంట చేస్తుంటే మరియమ్మ గారు ఇక్కడ తల దూర్చి ఏదో గీకుతుండేవారు. ఏమిటని నేను అడగలేదు. ఇది నేర్పాల్సిన పని అని ఆవిడ అనుకోలేదు. ఇద్దరు ఉండాల్సిన చోట ఒకరుంటే పోయేవి ఇలాంటివే.

జల్లెడ కడిగాను. హప్పు సెట్టు కట్టి, నడుమ మట్టి సీసా పెట్టి, పెట్టె వెలిగించాను. మూట దించి ఆరబెడుతుండగా ఫోను మోగింది.

"అక్కా, హప్పుకి రక్తం పడుతోంది. ఆగేలా లేదు."

"సీసా మాట్లాడాలంటే రేపటిదాకా పట్టుద్దే."

"రేపటిదాకా అది ఉండదు. నూకరత్నం బయల్దేరింది. మూట ఇచ్చెయ్."

"శుద్ధమో కాదో నాకు తెలీదు కెజీ."

"నాకూ తెలీదు. ఇవ్వు."

నూకరత్నం మొగుడి పడవలో వచ్చింది. బుట్ట కోసం ఆగలేదు. చీర ఎగ్గట్టి నిచ్చెన ఎక్కేసింది.

"అబ్బులు ఎలా ఉన్నాడమ్మా?"

"కాలు లేదు. నోరుంది."

"నన్ను..."

"మా ఆయనకి ఉడకని సూది పంపారు. మీ చెల్లికేం పంపుతున్నారు?"

"ఇదీ తెలియదు నూకరత్నం. పెట్టె బాగుచేశాను. బాగయిందో లేదో రేపు గానీ తెలియదు."

నా మొహంలోకి చూసింది. మూట అందుకుని, నీళ్లు పడకుండా పైట లోపల గుండెకు కట్టుకుంది.

"ఈ తెలీదన్న మాట అప్పుడే చెప్పుంటే సరిపోయేది కదండీ" అంది. నిచ్చెన సగం దిగాక తల ఎత్తింది. "మీరు ప్రార్థన చేసుకోండి. నేను తెడ్డేసుకుంటా."

గూటి ముందు మోకరించాను. ఒకదాన్ని చంపమని, ఒకదాన్ని బతికించమని అడిగాను. ఏది దేనికో దేవుడికి విడిగా చెప్పలేదు.

గురువారం. పోటు.

ఆడబిడ్డ. హప్పు కళ్లు తెరిచి నీళ్లు అడిగిందట. నిన్న పొద్దుగూకక ముందే అయిపోయింది, ఇప్పటిదాకా కూర్చోవడానికి కుదరలేదంది కెజీయా.

"ఇక జ్వరం చూడాలక్కా. వస్తే మూడో రోజుకి వస్తుంది. నీ సీసాలేమన్నాయి?"

"ఇంకా ఏమీ అనలేదు."

కాసేపటికి బయటి గంజి బుడగలు కట్టింది. సాయంత్రానికి విరిగింది. లోపలి సీసాను ఎండకు ఎత్తి చూశాను. అడుగున మట్టి, పైన తేట. దూది తీసి వాసన చూడాలనిపించింది కానీ తియ్యలేదు. దానికి ఇంకొక రోజు ఇవ్వాలి.

శుక్రవారం. పోటు.

తేటే.

కెజీయాకి చెప్పాను. అది పలకలేదు.

"ఏమే?"

"ఏం లేదు. చేతులు కడుక్కుంటున్నా" అంది. నీళ్ల చప్పుడు నాకు వినపడలేదు.

ఆదివారం. పాటు.

"జ్వరం లేదక్కా" అంది హప్పు. గొంతు సన్నగా ఉంది. "చిన్నక్క గంటకోసారి నుదురు పట్టుకు చూస్తోంది. దాని చెయ్యే నాకంటే వేడిగా ఉంది."

"పాప తాగుతోందా?"

"లాగేస్తోంది. నీ పోలికే, మాటా పలుకూ లేదు, చూస్తూ ఉంటుంది. నువ్వెప్పుడొస్తావు చూడ్డానికి?"

చూద్దాంలే అనబోయాను.

"రాలేను హప్పూ. రెండో మనిషి వచ్చి పని నేర్చుకునేదాకా దిగలేను. ఎన్నాళ్లు పడుతుందో తెలీదు."

ఏడుస్తుందనుకున్నాను. "ఫోను దాని పక్కన పెడుతున్నా. నువ్వు విను, నేను పడుకుంటా" అంది.

విన్నాను. పంటు చెక్కల కిర్రు. ఎవరో గిన్నె తోముతున్న చప్పుడు. వాటి అడుగున, చెవి బాగా ఆనిస్తే, బిడ్డ ఊపిరి.

లైన్లో టక్కుమంది; అన్ని పంట్లకూ ఉన్నది ఈ ఒక్క లైనే. ఎవరో ఆడమనిషి.

"ఎవరండీ లైన్లో? మాట్లాడరేంటి?"

"మంచె నుంచి యెమీమానండి. మా చెల్లెలి బిడ్డ ఊపిరి వింటున్నాను."

"మంచె అమ్మగారా." తిట్ల కోసం సిద్ధపడ్డాను. "మగబిడ్డా?"

"ఆడబిడ్డండి."

"మా అబ్బాయితో మాట్లాడదామని ఎత్తాను. తొందరేం లేదులెండి. వినండి."

ఆవిడ పెట్టెయ్యలేదు. తనూ వింటున్నట్టుంది. నేను ఎరగని పంటులో ఆవిడ, ఈ ఇనుప కాళ్ల మీద నేను. ఇద్దరి మధ్యా సముద్రం.

బిడ్డ తుమ్మింది.

"చిరంజీవ" అంది ఆవిడ, అలవాటుగా.

నేను ఫోను పెట్టేసి లైను ఆవిడకు వదిలాను.